అలక జాబితాలో మూడో పేరు

కిందటి వారం నన్ను నేనే మూడో అంతస్తు మెట్ల మలుపులో వదిలేసి వెళ్ళాను. ఇంకా అక్కడే ఉన్నాను. చేతిలో నీలం అట్ట ఫైలు, ఫైల్లో ఒకే కాగితం, కాగితం అడుగున సంతకానికి జానెడు ఖాళీ. ఆ ఖాళీలో మొక్కల మేడమ్ సంతకం చెయ్యాలి. చేయించుకుని రావలసిన మనిషిని నేను.

మధ్యలో ఒకటి రెండు వారాలు తప్పిపోయినవాళ్ళ కోసం ఇక్కడిదాకా జరిగింది గబగబా చెప్పేస్తాను. నేను విశ్వవిద్యాలయం కంప్యూటర్ విభాగంలో నోటీసులు రాస్తాను. పద్నాలుగేళ్ళు ఇల్లు నడిపి, రెండేళ్ళ కిందట ఈ ఉద్యోగంలో చేరాను. ఇంట్లో నేను చెప్పేది ఎవరూ వినరు, ఇక్కడ నేను రాసేది ఎవరూ చదవరు. అందుకని పని పెద్ద కొత్తగా అనిపించలేదు. క్యాంపస్‌లో నా పేరు నోటీసమ్మ. మా డైరెక్టరుగారిని వెనకాల సర్వర్ సారు అంటాం. అవసరమైనప్పుడే అందుబాటులో ఉండరని.

ఐదు రోజుల కిందట మా వాళ్ళు పాత డిస్కులు కొన్ని పీకేశారు. మా విభాగంలో వాటిని వాల్యూమ్ సెవెన్ అంటాం. మిగతా క్యాంపస్ మొత్తానికి అది తమ ఫైళ్ళు దాచుకునే జెడ్ డ్రైవ్. ఈ రెండూ ఒకటేనని మాకు తెలుసు కాబట్టి అందరికీ తెలుసనుకున్నాం. "వాల్యూమ్ సెవెన్ ఉపసంహరించబడును, వినియోగదారులు తమ ఫైళ్ళను తరలించుకొనవలెను" అని మూడు వారాల ముందు నోటీసు వెళ్ళింది. రాసింది నేనే. అర్థం కాకపోతే ఎవరైనా అడుగుతారులే అనుకున్నాను. ఎవరూ అడగలేదు. అర్థమైందనుకున్నాను.

ఆ జెడ్ డ్రైవ్‌లో, వృక్షశాస్త్రం చెప్పే మొక్కల మేడమ్ పంతొమ్మిదేళ్ళ పని ఉంది. క్యాంపస్‌లో రెండువందల పన్నెండు చెట్లకి ఆవిడ రోజూ పొద్దున్నే హాజరు వేస్తారు. ఏ చెట్టు ఏ తేదీన చిగురు వేసింది, ఏది ఎన్నాళ్ళు ఆలస్యంగా పూసింది, ఏది ఈ ఏడు అసలు పూయనే లేదు. మొదట్లో కాగితం పుస్తకాల్లో రాసేవారు. వాటికి చెదలు పట్టాక, జెడ్‌లో పెట్టుకోండి మేడమ్, అక్కడైతే భద్రం అని చెప్పింది కూడా మా విభాగమే.

ఇక నా చేతిలో ఉన్న కాగితం. "సదరు నోటీసు నాకు సకాలములో అందినది. నా అజాగ్రత్త వలన తగు చర్య తీసుకొనలేకపోతిని. విభాగముపై నాకు ఎట్టి ఫిర్యాదు లేదు." దీని మీద సంతకం పడితే ఫైలు మూసేస్తారు, పీకిన డిస్కులు రేపు నుజ్జు చేసే యంత్రంలోకి వెళతాయి. పడకపోతే రేపటి విచారణ కమిటీ ఎందుకు పడలేదని అడగాలి. అంతవరకు డిస్కులు స్టోరు గదిలోనే ఉంటాయి. బయటినుంచి పనివాళ్ళని పిలిస్తే వాటిలోంచి చాలావరకు తిరిగి తీయొచ్చని మా కుర్రాళ్ళే అన్నారు.

ఎవరికీ తెలియదని నేననుకుంటున్న విషయం ఒకటి మిగిలింది. ఆ నోటీసు మొక్కల మేడమ్‌కి వెళ్ళలేదు. వెళ్ళకుండా చేసింది నేను.

పోయిన ఏడాది ఒకే వారంలో పద్నాలుగు నోటీసులు పంపాం. అందులో పది ప్రింటర్ సిరా గురించి. ఏ భవనంలో అయిపోయింది, ఏ భవనంలో వచ్చింది, వచ్చింది మళ్ళీ ఎందుకు అయిపోయింది. అప్పుడు మొక్కల మేడమ్ దగ్గర్నుంచి జవాబు వచ్చింది. "మీ సిరా గురించి మీరు చెప్పినంత శ్రద్ధగా మా ఇంట్లోవాళ్ళు కూడా నాకేదీ చెప్పరు. దయచేసి ఇక ఆపండి." చదివి నవ్వుకున్నాను. నవ్వుకున్నాక ఉక్రోషం వచ్చింది. ఇలా విసుక్కున్నవాళ్ళందరి పేర్లూ ఒక చోట చేర్చి, వాళ్ళకి నోటీసులు వెళ్ళకుండా ఒక మీట నొక్కాను. దానికి అలక జాబితా అని పేరు కూడా పెట్టాను. సిరా నోటీసులు మాత్రమే ఆపాలి, ముఖ్యమైనవి వెళ్ళాలి అని తెలుసు. ఆ రెండూ విడదీయడానికి ఒక పూట కూర్చోవాలి. రేపు కూర్చుందాం అనుకున్నాను.

ఆ నెలలో ఫిర్యాదులు సగానికి పడిపోయాయి. సర్వర్ సారు ఆ గ్రాఫును పెద్ద సమావేశంలో తెర మీద చూపించి, "ఇదీ కమ్యూనికేషన్ అంటే" అన్నారు. నాకు చప్పట్లు కొట్టారు. నేను లేచి నిలబడి నమస్కారం పెట్టాను. ఆ నమస్కారం తలచుకుంటే ఇప్పటికీ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు.

నాలుగు రోజుల కిందట మేడమ్ మా కౌంటరు దగ్గరికి వచ్చి, నా జెడ్ కనబడటం లేదమ్మా అన్నారు. ఆవిడ వెళ్ళగానే జాబితా తెరిచి చూశాను. మూడో వరుసలో ఉన్నారు. మూసేశాను. అప్పట్నుంచి ఎవరితోనూ ఏమీ అనలేదు, ఇవాళ పొద్దున మా అత్తయ్యతో తప్ప. అదీ తిన్నగా అనలేదు.

అత్తయ్య బీన్స్ ముందేసుకుని కూర్చుంది. "ఒకామె ఉందనుకోండి" అని మొదలుపెట్టాను.

"నువ్వేగా," అంది.

"నేను కాదత్తయ్యా."

"సరే. ఆ నువ్వు కాని ఆమె ఏం చేసింది?"

కంప్యూటర్లూ జాబితాలూ ఏరిపారేసి, వీలైనంత ఇంటి భాషలో చెప్పాను. ఆవిడ నారలు తీస్తూ మొత్తం విన్నది.

"అంటే పెళ్ళికి పిలవలేదు. పిలవకుండా, రాలేదని నలుగురిలో అంటున్నారు."

"మరీ అంత కాదు."

"ఇప్పుడేమో, నన్ను పిలిచారు నేనే రాలేదు అని ఆవిడ చేతే రాయించుకోవడానికి వెళ్తున్నావు."

"నేను కాదన్నానుగా."

"అదేలే, ఆమె." అత్తయ్య ఒక పుచ్చు కాయ పక్కన పడేసింది. "సాయంత్రం ఇంటికొచ్చేటప్పుడు కాస్త ముఖం వెంట తెచ్చుకోమను. ఇక్కడ మేమంతా చూడాలి దాన్ని."

మెట్ల మలుపులో అంతసేపు ఎందుకు నిలబడ్డానో ఇప్పుడు అర్థమయ్యే ఉంటుంది. చివరికి కిందినుంచి ఎవరో ఎక్కి వస్తున్న చప్పుడు వినబడి, దొరికిపోయినదానిలా నాలుగు మెట్లు గబగబా ఎక్కి తలుపు తట్టాను.

"తీసే ఉంది, రా."

గదిలో పాత పేపర్ల మధ్య ఆకులు పరిచి, వాటిమీద ఇటుకలు పెట్టారు. కిటికీ గట్టు మీద గాజు సీసాలు, ప్రతిదాని మీదా పొందికైన అక్షరాలు. అంతవరకు నాకు తెలిసిన గదే. తలుపు లోపలివైపు అతికించిన చిన్న చిన్న చీటీలు మాత్రం కొత్తవి. "తాళం." "కళ్ళజోడు." "కుళాయి." "మూడింటి క్లాసు ఇవాళే."

"నోటీసమ్మవి కదూ? కూర్చో. ఆ కుర్చీ కాదు, దానిలో విత్తనాలున్నాయి. కాగితం తెచ్చావా?"

నేను వస్తున్నానని సర్వర్ సారు ముందే ఫోన్ చేసి చెప్పారట. ఇచ్చాను. రెండుసార్లు చదివారు.

"అజాగ్రత్త అని రాశారు. మర్యాదస్తులు. ఇంకా పెద్ద మాటే రాస్తారనుకున్నా."

"తొందరేం లేదు మేడమ్. కావాలంటే ఉంచుకుని..."

"ఉంచుకుంటే ఎక్కడ పెట్టానో మర్చిపోతాను." నవ్వారు. ఆ నవ్వుకి నేనూ నవ్వాలి కాబోలు. నా వల్ల కాలేదు. "నువ్వేమీ ఇబ్బంది పడకు. మీ తప్పేముంది ఇందులో? అందరికీ పంపారు. అందరూ సర్దుకున్నారు. నేనొక్కదాన్నే చూసుకోలేదు."

నేను కిటికీ గట్టు మీద సీసాలు లెక్కపెట్టాను. పదకొండు.

"నీకో మాట చెప్పనా," అన్నారు పెన్ను మూత తీస్తూ. "నాలుగు రోజులుగా ఆ నోటీసు కోసం నా మెయిల్ అంతా గాలిస్తున్నా. దొరకలేదు. అంటే ఏమైనట్టు? వచ్చింది, చదివాను, కొట్టేశాను. కొట్టేసిన సంగతి కూడా మర్చిపోయాను. పంతొమ్మిదేళ్ళ పని పోతుందని చెప్పిన ఉత్తరాన్ని, సిరా ఉత్తరం కొట్టేసినట్టు కొట్టేశాను."

"మేడమ్..."

"మా అక్కకీ ఇలాగే మొదలైంది. కరెంటు ఆఫీసు నుంచి వచ్చిన కాగితం చదివి, మడిచి, ఎక్కడో పెట్టింది. రాలేదని పోట్లాడింది. మేమందరం నవ్వాం. ఆరు నెలలు తిరిగేసరికి నా పేరు నన్నే అడిగింది." పెన్ను కాగితం మీద ఆనించలేదు, గాల్లోనే ఉంది. "ఆ చీటీలు చూశావుగా. నాలుగు రోజుల కిందట పెట్టాను. చెట్ల దగ్గరికి వెళ్ళడం కూడా మానేశాను. ఒక చెట్టుకి వెయ్యాల్సిన హాజరు ఇంకో చెట్టుకి వేస్తానేమోనని భయం."

బల్ల మీద ఒక కవరు ఉంది. మీద రిజిస్ట్రారు హోదా రాసి ఉంది. నా చూపు అటు పోవడం ఆవిడ చూశారు.

"ఉద్యోగం మానేస్తున్నా. పిల్లలకి తప్పులు చెప్పకముందే వెళ్ళిపోవడం మంచిది. సోమవారం డాక్టరు. మా అన్నయ్య తీసుకెళ్తానన్నాడు." తర్వాత, చాలా మామూలుగా, "ఒక్క సాయం చేస్తావా? సంతకం పెట్టేముందు ఒక్కసారి నువ్వు వెతికి చూడు. మీవాళ్ళకి తెలిసిన చోట్లు ఉంటాయిగా. కొట్టేసినవి కూడా ఎక్కడో ఉంటాయంటారు. దొరికితే నాకు మతి పోయిందని ఖాయమవుతుంది, అంతే. ఖాయమైతే కాస్త నిద్రైనా పడుతుంది."

కంప్యూటర్ నా వైపు తిప్పారు.

నేను వెతికాను. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ వెతికాను. లేదని తెలిసిన ఉత్తరం కోసం, అది ఉండదని తెలిసిన చోట్లన్నీ, ఆవిడ పక్కన కూర్చుని చూస్తుండగా శ్రద్ధగా వెతికాను. "వాల్యూమ్" అని కొట్టాను. "ఉపసంహరించ" అని కొట్టాను. చెత్తబుట్ట తెరిచాను. ఆవిడ కళ్ళజోడు సవరించుకుని ముందుకు వంగారు. ప్రతి పేజీ మారినప్పుడల్లా ఆవిడ ఊపిరి బిగబట్టడం నాకు వినబడుతోంది. మా చిన్నాడికి జ్వరం వచ్చినప్పుడు థర్మామీటరు చూస్తూ నేనలాగే చేస్తాను.

"లేదా?"

"లేదు."

"మరీ లోపల ఎక్కడైనా..."

"మేడమ్, అది మీకు రాలేదు."

"దొరకలేదు అను."

"రాలేదు. మేం పంపలేదు. నేను పంపలేదు."

ఆ తర్వాత చెప్పింది ఏ వరసలో చెప్పానో నాకే గుర్తులేదు. సిరా, పద్నాలుగు నోటీసులు, ఆవిడ రాసిన జవాబు, మీట, రేపు కూర్చుందాం అనుకోవడం. అలక జాబితా అన్న పేరు కూడా దాచకుండా చెప్పాను. ఆ పేరు పెట్టినప్పుడు నాకు చాలా తెలివిగా అనిపించింది. ఇప్పుడు ఆవిడ ముందు పలికితే, తెరిచిన తలుపు వెనక దాక్కుని వెక్కిరించినట్టుంది.

ఆవిడ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"అంటే నేను చదవలేదు."

"లేదు మేడమ్."

"మర్చిపోలేదు."

"లేదు."

"కొట్టెయ్యలేదు."

"రానిది ఎలా కొట్టేస్తారు?"

కిటికీలోంచి బయటికి చూశారు. భుజాలు రెండూ కాస్త కిందికి దిగాయి, ఎవరో వెనకనుంచి బరువు దింపినట్టు. ఏడుస్తారేమో అనుకున్నాను. ఏడిస్తే ఏం చెయ్యాలో నాకు తెలుసు. మంచినీళ్ళిస్తాను, చెయ్యి పట్టుకుంటాను, నేనూ ఏడుస్తాను. ఆవిడ నాకు ఆ అవకాశం ఇవ్వలేదు.

"కౌంటరు దగ్గరికి వచ్చి నిన్ను అడిగాను. ఆ రోజే తెలుసా నీకు?"

"ఆ రోజే తెలిసింది."

"ఈ నాలుగు రోజులూ తెలుసు."

"తెలుసు."

"నేను ఈ చీటీలు అతికించుకుంటున్నప్పుడు. మా అన్నయ్యకి ఫోన్ చేసి, తలకి సంబంధించిన డాక్టర్లలో ఎవరు మంచివాళ్ళని అడుగుతున్నప్పుడు."

"అవి తెలియవు మేడమ్."

"అవి తెలియవు," అన్నారు ఆవిడ. "నిజమే. ఇది మాత్రం తెలుసు."

గొంతు పెంచలేదు. మా ఇంట్లో అందరం గొంతు పెంచే తిట్టుకుంటాం. అది ఎంత సుఖమో ఆ గదిలో తెలిసింది.

"క్షమించమని అడగడానికి కూడా నాకు..."

"అడగకు. ఇప్పుడు నాకు తీరిక లేదు." కాగితం మడవకుండా ఫైల్లో పెట్టి, ఫైలు నా వైపు తోశారు. "ఇది పెట్టను. నిన్ను తిట్టడం తర్వాత, తీరిగ్గా తిడతాను. ముందు ఆ జాబితా చూపించు. నేను కాక ఇంకా ఎవరెవరికి మతి పోయిందో చూద్దాం."

నా పాస్‌వర్డుతో ఆవిడ కంప్యూటర్లోనే తెరిచాను. ఎడమవైపు పేర్లు, పక్కన హోదాలు, చేర్చిన తేదీలు, చేర్చినవారు. లైబ్రరీలో పుస్తకాలు కుట్టే పెద్దాయన. రసాయనశాల అటెండరు. హాస్టల్ వార్డెను. చరిత్ర విభాగంలో ఇద్దరు అన్నదమ్ములు, ఒకరితో ఒకరు మాట్లాడుకోరు కానీ ఫిర్యాదు మాత్రం ఒకే రోజు పంపారు. మేడమ్ ఒక్కొక్క పేరు దగ్గరా వేలు పెట్టి ఆగుతున్నారు. "ఈయన పాత ఫొటోలు అందులోనే ఉండేవి." "ఈమెవి పరీక్ష ఫలితాలు." నేను ఒక్కరికే అన్యాయం చేశాననుకున్నాను. ఒక్కరి గురించే నాలుగు రోజులు బాధపడ్డాను. మిగతావాళ్ళ గురించి ఆలోచన కూడా రాలేదు.

"ఎంతమంది?"

"నలభై," అన్నాను.

"ఇక్కడ నలభై ఒకటి అని ఉంది."

చూశాను. అడుగున నలభై ఒకటి. నేను చేర్చినవాళ్ళు నలభైమందే. నా తప్పుల లెక్క నాకు బాగా తెలుసు. కిందికి జరిపాను. ఆఖరి వరుసలో హోదా చోట "డైరెక్టర్, కంప్యూటర్ విభాగం." తేదీ, వాల్యూమ్ సెవెన్ నోటీసు వెళ్ళడానికి సరిగ్గా వారం ముందు. చేర్చినవారు అన్న చోట కూడా ఆయనే.

"మీ సారు కూడా అలిగారా?" అన్నారు మేడమ్.

నాకు నవ్వు రావాలి. సొంత విభాగం పంపే నోటీసులకి విసిగిపోయి, సొంత చేత్తో తప్పించుకున్న మనిషి. ఇంకో రోజైతే ఇంటికెళ్ళి అత్తయ్యకి అభినయించి చూపించేదాన్ని. కానీ ఆయన ఈ జాబితాలో చేరాలంటే ముందు దీన్ని తెరవాలి. తెరిస్తే పైనుంచి మూడో పేరు కళ్ళలో పడకుండా కిందికి వెళ్ళడం కుదరదు. నోటీసు మేడమ్‌కి అందలేదని నాకొక్కదానికే తెలుసనుకున్నాను. ఆయనకీ తెలుసు. తెలిసే, "సకాలములో అందినది" అని రాయించి, నా చేతికిచ్చి పంపించారు.

బల్ల మీద ఫోన్ మోగింది. మేడమ్ తీసి, విని, రిసీవరు నాకందించారు. "నీకే."

"సంతకం అయిందా?" అన్నారు సర్వర్ సారు.

"సర్, ఒక చిన్న సందేహం. ఆ వాల్యూమ్ సెవెన్ నోటీసు మీకు వచ్చిందా?"

"అదేం ప్రశ్న? అందరికీ వచ్చింది."

"మీ మెయిల్లో వెతికి, వచ్చిన కాపీ ఒకటి నాకు పంపుతారా సర్? ఫైల్లో జతచేస్తాను."

ఆయన ఆలోచిస్తున్నప్పుడు పెన్నుతో పళ్ళ మీద కొట్టుకుంటారు, ఈసారి ఆ చప్పుడు వినబడలేదు. ఎప్పుడూ లేనంత మెత్తగా, "ఒక్క నిమిషం. లైన్లోనే ఉండు" అన్నారు. వెంటనే కీబోర్డు టకటకలు.

"ఇదేంటి," అన్నారు మేడమ్ తెర వంక చూస్తూ. "నలభై అయింది."

ఆఖరి వరుస లేదు. మేడమ్ పేజీ పైకి జరిపి, తన పేరు మీద వేలు పెట్టారు. నేను రిసీవరు భుజానికి ఇరికించుకుని, ఫొటో తీద్దామని సంచిలో చెయ్యి పెట్టాను. టిఫిన్ డబ్బా తగిలింది, గొడుగు తగిలింది, పిల్లాడి లెక్కల పుస్తకం తగిలింది. మొబైలు చేతికి వచ్చేసరికి అంకె ముప్ఫై తొమ్మిది అయింది. పైన రెండో పేరు కింద నాలుగో పేరు ఉంది. మేడమ్ వేలు ఇంకా అక్కడే ఆని ఉంది, తన పేరు ఉన్న చోట. నేను మొబైలు ఎత్తేలోపు పేజీ మొత్తం తెల్లబడి, మధ్యలో ఒక వాక్యం వచ్చింది. ఈ పేజీ చూడటానికి మీకు అనుమతి లేదు. ఆ వాక్యం కూడా ఒకప్పుడు నేను రాసిందే.

"అక్కడ ఉన్నావా?" అన్నారు సారు ఫోన్లో. "మెయిల్ వెతికాను, దొరకలేదు. పాతవి కొట్టేస్తుంటాను కదా. సరే, సంతకం తీసుకుని ఐదింటిలోగా వచ్చెయ్. రేపు కమిటీలో నువ్వు కూడా కూర్చోవాలి." పెట్టేశారు.

రిసీవరు దాని చోట పెట్టాను.

మొక్కల మేడమ్ తెల్లటి తెర మీదనుంచి వేలు తీశారు. చాలా నెమ్మదిగా నా వైపు తిరిగారు. ఆవిడ ముఖంలో కోపం ఉంటే బాగుండేది. కాసేపటి కిందట దిగిన బరువు మళ్ళీ ఎక్కుతున్నట్టు, కనుబొమల మధ్య ఆ పాత భయం కనబడింది.

"నా పేరు అక్కడ ఉంది కదా?" అన్నారు. "నేను చూశాను కదా?"

"ఉంది మేడమ్. మీరు చూశారు. నేనూ చూశాను."

"ఆ మాట రేపు కమిటీ ముందు అంటావా? ఆయన పక్కన కూర్చుని?"

బల్ల మీద రిజిస్ట్రారుకి రాసిన రాజీనామా కవరు అలాగే ఉంది. ఆవిడ చెయ్యి దాని మీద పడింది, ఇంకా తియ్యలేదు. నా జవాబు కోసం ఆవిడ ఆగారు.